కూసోబెట్టిన్రు, అంతే

మా మేనకోడలికి సర్కారు కొలువు వచ్చినట్టే వచ్చి, ఇంక చేతికి అందని దినాలవి. పరీక్ష పాసయింది, లిస్టుల నంబరు పడ్డది, సర్టిఫికెట్లు చూసి పంపిన్రు. ఇగ మిగిలింది పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే. ఇంటికొచ్చి, పిల్ల మీద కేసులు గిట్ల ఉన్నయా, నడత ఎట్లాంటిది అని అడిగిపోతరట. అదయినంకనే ఆర్డరు. మా ఆయన నవ్విండు. "మన పిల్ల మీద కేసులేందే? బొద్దింకను చూస్తేనే మంచమెక్కుతది" అన్నడు.

ఆమె మా అన్న బిడ్డ. యూనివర్సిటీల ఎమ్మేకు సీటు వచ్చినప్పుడు మా అన్న తోలుకొచ్చి మా ఇంట్ల విడిచిపోయిండు. మాది తార్నాకల, లాలాపేట్ దిక్కు పోయే గల్లీల, మేడ మీద రెండర్రలు. మా ఆయనది క్యాంపస్‌ల నీళ్ల మోటార్లు నడిపే పని. కింద ఇంటి ఓనర్లు ఉంటరు. వాళ్లది కర్నూలు దిక్కు. సారు యూనివర్సిటీ ఆఫీసుల సూపరింటెండెంటుగ చేసి రిటైరయిండు. ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్త. ఆ అక్క నోరు చురుకు, చెయ్యి మెత్తన. ఏం వండినా గిన్నెల కొంచెం మా పిల్లకని మెట్ల మీద పెట్టి పిలుస్తది.

ఆ దినం పొద్దుగాల పిల్ల లైబ్రరీ పుస్తకాలు సంచిల పెట్టుకున్నది. అవి వాపసిస్తెనే యూనివర్సిటీ కాయిదం ఏదో ఇస్తరట. మునక్కాయ కూర పొయ్యి మీదున్నది, తినిపో అంటే, "గంటల వస్త అత్తా, వచ్చి తింట" అన్నది. ఆ దినమే కొలువుల నోటిఫికేషన్లు ఎయ్యాలని పిల్లలు ర్యాలీ తీస్తమన్నరట. మాకు తెల్వదు. ఆమెకు తెలుసు గానీ, తన పని లైబ్రరీల, ర్యాలీ గేటు కాడ, నాకేం సంబంధమనుకున్నది.

కూర దించి, బియ్యం కడుగుతుంటే మా ఆయన ఫోన్ చేసిండు.

"ఏమే, పిల్ల ఫోన్ ఎత్తుతున్నదా?"

"నేను చెయ్యనే లేదు. ఎందుకు?"

"ఎత్తది. నేను చూసిన. వ్యాన్ల ఉన్నది."

"ఏం వ్యాను?"

"పోలీసు వ్యాను. కిటికీ జాలీల నుంచి నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను మోటార్ బంద్ చేసి ఉరికేసరికి వ్యాను పోయింది."

నా చేతిల గిన్నె అట్లనే ఉన్నది. బియ్యం నీళ్లు వంచిన్నో లేదో యాదికి లేదు. ఒక్కటే మాట తలకాయల తిరిగింది. ఎంక్వయిరీకి పోలీసోళ్లు ఇంటికి రావాలె. పిల్లనే వాళ్లింటికి పోయింది.

నా చిన్నప్పుడు మా ఊర్లె కాల్వ నీళ్ల కాడ కొట్లాట అయితే మా నాయినను పోలీసోళ్లు తీస్కపోయిన్రు. మా అవ్వ, అదే మా అమ్మ, ఏడువలే. కొంగు నడుముకు చెక్కి, ఇద్దరు పెద్దమనుషులను పట్టుకొని పోయింది. వాళ్ల పట్టా పాసుబుక్కులు చూపెట్టి జమానత్ ఉన్నరు. నాయిన ఇంటికొచ్చిండు. నాకు పోలీస్ స్టేషన్ గురించి తెలిసింది అంతే. మనిషిని తీస్కపోతే జమానత్ కావాలె. జమానత్‌కు ఇద్దరు ఉండాలె, వాళ్లకు ఏదన్న ఆస్తి కాయిదం ఉండాలె. అందుకని నేను సుత ఏడువలే. కిందికి దిగిన.

సారు పేపరు చదువుతున్నడు. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది.

"సారూ, పిల్లను అరెస్టు చేసిన్రు. మీరిద్దరు జమానత్ ఉండాలె" అన్న.

సారు అద్దాలు తీసిండు. "అరెస్టా? మన పాపనా? ఏమ్మా, ఎవురు చెప్పినారు?"

"మా ఆయన చూసిండు. మీ ఇల్లు కాయిదాలున్నయి కదా, అవి తెండ్రి."

"ఇంటి కాగితాలు లాకర్లో ఉండాయమ్మా. ఉండు, పింఛను బుక్కు తెస్తా. గవర్నమెంటు సీలు ఉంటాది దాంట్లో."

అక్క చిక్కుడుకాయలు అవతల పెట్టింది. "పింఛను బుక్కు చూపిస్తే సెల్యూట్ కొడతారా ఏమి నీకు? సర్వీసంతా ఒక్క ఫైలు కదిలించినోడివి కాదు, ఇప్పుడు స్టేషన్ కదిలిస్తాడంట" అనుకుంటనే లోపటికి పోయి పట్టుచీర కట్టుకొచ్చింది. ఎందుకక్కా అంటే, "పూచీ ఉండేదానికి పోతాండాం. పాతచీర కట్టుకొని పోతే మన మాటకు విలువుంటాదా?" అన్నది.

ఏ స్టేషనో తెలిసేసరికే మస్తు సేపు పట్టింది. ఆ దినం పట్టుకున్న పిల్లలను ఒక్కతాన పెట్టలేదు, తలా ఒక దిక్కు తీస్కపోయిన్రు. మా ఆయన గేటు కాడ అడిగి, కొందరు పిల్లలకు ఫోన్లు చేసి, ఆడపిల్లలను ఫలానా దాంట్ల ఉంచిన్రని చెప్పిండు. ఆటో ఎక్కినం. నడుమ నేను, ఆ పక్క పట్టుచీర, ఈ పక్క పింఛను బుక్కు. ఆటో ఆయన అద్దంల చూసి, "పెండ్లిచూపులకా అమ్మా?" అన్నడు. అక్క, "అవునప్పా, పిల్ల పోలీస్ స్టేషన్లో ఉండాది" అన్నది. ఆయన ఆటో స్పీడు పెంచిండు.

స్టేషన్ వెనుక రేకుల షెడ్డు ఉన్నది. దాంట్ల కింద గోనె తట్టు పరిచి ఆడపిల్లలను కూసోబెట్టిన్రు. మా పిల్ల గోడకు ఆనుకొని, ఒళ్లె పుస్తకాల సంచి పెట్టుకొని, పులిహోర పొట్లం తింటున్నది. నన్ను చూసి సిగ్గుపడ్డది, తినుకుంట దొరికినట్టు. పక్కన ఆమె దోస్తు, ఏడ్చి ఏడ్చి మొఖం ఉబ్బింది. ఏమయిందో మా పిల్ల తర్వాత చెప్పింది. లైబ్రరీకి పోతుంటే గేటు కాడ దోస్తును వ్యాన్ల ఎక్కిస్తుంటే ఆ పిల్ల ఈమె చెయ్యి పట్టుకున్నదట. ఈమె విడువలే. ఇద్దరిని ఎక్కించిన్రు.

షెడ్డు ముందట కుర్చీ ఏసుకొని ఒక లేడీ కానిస్టేబుల్ ఉన్నది. నడుమ వయసు మనిషి, కాళ్లకు బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నది. సారు ముందుకు పోయి గొంతు సవరించుకున్నడు.

"అమ్మా, మేము పాపకు జమానతు ఉండేదానికి వచ్చినాము. నేను రిటైర్డ్ సూపరింటెండెంటును. ఇదో, నా పింఛను బుక్కు."

ఆమె బుక్కును చూసింది. సారును చూసింది. అక్క పట్టుచీరను చూసింది.

"జమానతా? ఎవరికి?"

"మా పాపకు."

"ఎవ్వర్ని అరెస్టు చెయ్యలే పెద్దాయనా. ఊకె కూసోబెట్టినం."

"కూర్చోబెట్టినామంటే?"

"కూసోబెట్టినమంటే కూసోబెట్టినం."

"అయితే పిల్చుకొని పోవచ్చా?"

"పోవద్దు."

"పోకూడదంటే అరెస్టే కదమ్మా?"

"అరెస్టు గాదు."

"మరి పోవచ్చు కదా?"

"అయ్యో, చెప్తే అర్థం కాదా? ర్యాలీ టైమ్ అయిపోయినంక పోవచ్చు. అప్పటిదాక కూసోవాలె. మీరు సుత కూసోండ్రి, నీడల."

సారు నా దిక్కు తిరిగిండు. జీవితంల ఎన్ని సర్కులర్లు చదివిండో, ఈ రెంటి నడుమ సందుల ఏమున్నదో ఆయనకు అందలే. అక్క మాత్రం, "నీడలో కూర్చోమనింది కదా, కూర్చో" అని ఆయన చొక్కా పట్టి గుంజింది.

అప్పుడే మా అన్న ఫోన్. "చెల్లే, టీవీల అరెస్టులు అరెస్టులని ఎర్రగ రాస్తున్నరు. పిల్ల ఏది? ఫోన్ ఎత్తుతలే."

ఫోన్లు తీసుకొని ఒక డబ్బల ఏసిన్రు మరి, ఎట్ల ఎత్తుతది. అరెస్టన్న మాట మా అన్న చెవుల పడితే ఆ మనిషి అక్కడనే కూలవడతడు. ఊరంత చెప్పుకున్నడు, నా బిడ్డకు కొలువు వచ్చిందని. అందుకని ఇప్పుడే విన్న మాట పట్టుకున్న. "అన్నా, అరెస్టు గాదు. కూసోబెట్టిన్రు, అంతే" అన్న.

ఫోన్ స్పీకర్ల ఉన్నట్టున్నది. వెనుక నుంచి మా అవ్వ అందుకున్నది. ఆమెకు చెవులు సగమే పని చేస్తయి.

"ఏందే? కూసోబెట్టిన్రా? పిల్ల పెద్దమనిషై ఎన్నేండ్లాయె! మల్ల కూసోబెట్టుడేంది?"

మా దిక్కు ఆడపిల్ల ఈడేరితే మూలకు చాపేసి ఉంచుతరు. దాన్ని సుత కూసోబెట్టుడే అంటరు. నేను అది గాదవ్వా అంటున్న, ఆమె వింటే గద. "చుట్టాలకు చెప్పలేదేందే? కనీసం మేనత్తవు నువ్వు చీర పెట్టినవా?" అని గట్టిగ అడుగుతున్నది. షెడ్డు కింద పిల్లలందరికి వినపడ్డది. ముందు మా పిల్ల నవ్వింది. దోస్తు సుత మొఖం తుడుచుకొని నవ్వింది. లేడీ కానిస్టేబుల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "మా అమ్మ సుత గిట్లనే అంటది. నేను ఇంట్ల ఈ మాట అననే అనను" అన్నది. ఆ తర్వాత మాకు నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది.

నీళ్లు తాగి నేనొక్కటే అడిగిన ఆమెను. "అమ్మా, మా పిల్లకు కొలువు రాబోతున్నది. ఈ కూసోబెట్టుడుతోని పోతదా?"

ఆమె నవ్వు ఆగింది. బూట్ల దిక్కు చూసుకుంట, "కేసు ఏం పెట్టలే అమ్మా. పేరు, ఫోన్ నంబరు రాసుకున్నం, పంపేటప్పుడు లెక్క చూసుకునేందుకు. అంతకు మించి నాకు తెల్వదు" అన్నది.

పొద్దు వాలుతున్నప్పుడు స్టేషన్ పెద్ద సారొచ్చి, అందరు పోవచ్చన్నడు. మా సారు లేచి, "ఏ కేసు కింద ఉంచినారండీ?" అని అడిగిండు. "కేసేం లేదండీ. ఎవ్వరికేం కాకుండ ముందు జాగ్రత్త. ఆడపిల్లలు, చీకటి పడకముందే తీస్కపోండి" అని ఆయన మర్యాదగనే చెప్పిండు. ఫోన్లు ఇచ్చిన్రు. పుస్తకాల సంచి పిల్ల ఒళ్లెనే ఉన్నది. లైబ్రరీ మూసేసిన్రు, ఆ పని సుత కాలే. పింఛను బుక్కు ఎవ్వరు తెరిచి చూడలే. సారు దానికి చిన్నబోయిండు.

మల్ల దినం మా పిల్ల క్యాంపస్‌కు పోతే అక్కడి పిల్లలు, "అక్కా, నిన్న నువ్వు అరెస్టయినవంట! ఇగ లీడర్‌వే నువ్వు" అన్నరట. వాళ్లకు అది మెడల దండ ఏసినట్టు. పేపర్ల ముందస్తు అరెస్టులని ఫోటో వచ్చింది. ఫోటోల ఈమె చున్నీ కొస కనపడుతున్నది. టీవీ అరెస్టంటది, పేపరు ముందస్తు అరెస్టంటది, పోలీసామె కూసోబెట్టినం అంటది. మా పిల్ల కొలువు ఈ మూడు మాటల నడుమ వేలాడుతున్నది.

సారు ఊకోలే. విద్యానగర్‌ల ఆయన దోస్తు ఒక వకీలున్నడు, పోయి అడిగొచ్చిండు. వచ్చి మెట్ల మీద కూసున్నడు. మేమందరం చుట్టు కూసున్నం. అక్క వేయించిన పల్లీలు తెచ్చింది.

"వినండి. అరెస్టు అంటే దానికొక పద్ధతి ఉండాది. ఎందుకు పట్టుకున్నారో చెప్పల్ల. కాగితం రాయల్ల. దాని మీద ఇంటోళ్లదో, పక్కనుండే పెద్దమనిషిదో సాక్షి సంతకం ఉండల్ల. ఇంటికి కబురు చెయ్యల్ల. ఒక దినం దాటకముందే జడ్జి ముందర నిలబెట్టల్ల, లేదంటే విడిచిపెట్టల్ల. వకీలును పిలిపించుకుంటామంటే వద్దనకూడదు. మన పాపకు ఇవేమీ చెయ్యలే. కాబట్టి అరెస్టు కాదు. దీన్ని డిటెన్షన్ అంటారు. అదుపులోకి తీసుకున్నారని పేపరోళ్లు రాసేది దీన్నే."

"మరి ముందస్తు అరెస్టని రాసిన్రు కద సారూ?" అన్నడు మా ఆయన.

"అదొక మెలికప్పా. ముందస్తుగా పట్టుకొని, కాగితం రాసి, అరెస్టు అని చూపించేదానికి కూడా చట్టంలో దారి ఉండాదంట. అట్ల చేసింటే మనకు తంటా. ఇక్కడ అదీ రాయలే. పేపరోనికి ఏ మాట బరువుంటే ఆ మాట."

మా ఆయన అప్పుడు పిడికెడు పల్లీలు తీసుకున్నడు. నాకు సుత మనసు నిమ్మళమయింది. ఒక్క పిల్లనే పల్లీ పొట్టు తీసుకుంట తలకాయ దించుకొని ఉన్నది.

"సార్, చెప్పాలె, రాయాలె, ఇంటికి ఫోన్ చెయ్యాలె, అవన్ని చేస్తే అరెస్టు. ఏది చెయ్యకపోతే అరెస్టు గాదు. అంతే కద?"

"అంతేమ్మా."

"అంటే అరెస్టు చేసుంటెనే నయముండె. అత్తకు ఫోన్ వచ్చేది. ఎందుకు తీస్కపోతున్నరో నాకు తెలిసేది. ఆ దినం నేను ఆ మేడమ్‌ను మూడుసార్లు అడిగిన, ఎందుకు మేడమ్ అని. కూసో అన్నది."

"నీకు కొలువు రావల్లంటే అరెస్టు కాకపోయ్యేదే మంచిది తల్లీ" అన్నది అక్క. "అది నాకెరుకే అమ్మా" అన్నది పిల్ల. "కొలువు గురించి అంటలే నేను."

ఆ మాట నేను అప్పుడు సరిగ పట్టించుకోలే. కొలువు తప్ప నా మనసుల ఇంకోటి లేకుండె.

కొన్ని దినాలకు ఎంక్వయిరీ ఫారం నింపుమన్నరు. దాంట్ల ఒక ప్రశ్న, ఎప్పుడన్న అరెస్టయిన్రా అని. దాని కిందనే ఇంకొకటి, ఎప్పుడన్న నిర్బంధంల ఉన్నరా అని. పిల్ల చదివి వినిపించి పెన్ను పక్కన పెట్టింది. ఇంట్ల మల్ల పంచాయితీ. మా అన్న ఫోన్ల, "రెంటికి లేదని రాయి బిడ్డా, దండం పెడత" అన్నడు. మా ఆయనది అదే మాట. సారు సుత, "రికార్డే లేదంటాండారు కదా, లేదని రాస్తే అడిగేవాడెవడు?" అన్నడు.

అక్క ఒక్కతే అడ్డం తిరిగింది. "ఆ పొద్దు గేటు కాడ ఎంతమంది ఫోన్లు పట్టుకొని వీడియోలు తీసినారో! రేపు ఎవడో ఒకడు, ఇదో వ్యాన్లో ఎక్కుతాండేది ఈ పాపే అంటే? నిర్బంధంలో ఉండినందుకు కాదు, అబద్ధం రాసినందుకు తీసేస్తారు కొలువు. నువ్వు ఆఫీసులో ఎట్ల పని చేసినావో నాకు అర్థం కాదు."

సారు ఫారం మల్ల చేతిలకు తీసుకొని ఆ రెండో ప్రశ్న చదివిండు.

పిల్ల ముందుగాల స్టేషన్‌కు పోయొచ్చింది. ఆ దినం నన్ను ఇక్కడ ఉంచి, కేసు లేకుండ పంపిన్రని ఒక కాయిదం ఇయ్యిండ్రి, ఫారంతోని పెడత అని అడిగింది. వాళ్లు ఏదో పుస్తకం తిరగేసి, అట్లాంటిదేం లేదమ్మా, ఎవరి పేరు లేదు, ఏం కాయిదం ఇయ్యాలె అన్నరట. పేర్లు రాసుకున్నది ఉత్త తెల్లకాయిదమట, ఆ సాయంత్రమే అది పోయింది. ఆ లేడీ కానిస్టేబుల్‌కు వేరే స్టేషన్ డ్యూటీ పడ్డది.

ఇంటికొచ్చి పెన్ను తీసుకున్నది. అరెస్టు కాడ లేదు అని రాసింది. నిర్బంధం కాడ, ఒక దినం పగటి పూట స్టేషన్ల ఉంచి, సాయంత్రం కేసు లేకుండ పంపిన్రని రాసింది. మా అన్నకు చెప్పలే. నాకు చెప్పి, "అత్తా, కొలువు పోతే నువ్వు నన్ను తిట్టొద్దు" అన్నది. తిట్టలే.

ఎంక్వయిరీ ఆయన మధ్యాహ్నం వచ్చిండు. మామూలు బట్టలల్ల, చేతిల ఫైలు. పిల్ల ఇంట్ల లేదు, మా ఆయన డ్యూటీల ఉన్నడు. నేనొక్కదాన్నే. ఫ్యాన్ ఏసి మంచినీళ్లిచ్చిన. ఆయన అన్ని అడిగిండు. ఎన్నేండ్ల నుంచి ఉంటున్నది, ఎవరితోని తిరుగుతది, ఎప్పుడొస్తది. తర్వాత ఫైల్ల ఒక కాయిదం మీద వేలు పెట్టి తలకాయ గీక్కున్నడు.

"అమ్మా, ఇదేందో నాకు పరేషాన్ ఉన్నది. అందరు ఉన్నదాన్ని లేదని రాస్తరు. మీ పిల్ల లేనిదాన్ని ఉన్నదని రాసింది."

"లేనిదేంది సారూ?"

"నిర్బంధంల ఉన్న అని రాసింది. నేను స్టేషన్ల అడిగిన. ఆమె పేరు మీద కేసు లేదు, ఎంట్రీ లేదు, ఏం లేదు. మా లెక్కల ఆమె ఆ దినం అసలు స్టేషన్‌కే రాలే. ఇప్పుడు నేనేం రాయాలె? ఎవరన్న ఊకె అన్నరేమో, పిల్ల భయపడి రాసిందేమో. మీరు అసుంటిదేం జరగలేదంటే, అదే రాసుకొని పోత. పని జల్ది అయితది."

నాకు చెవులల్ల మా అన్న గొంతు వినపడ్డది. లేదను చెల్లే, లేదను. ఒక్క మాట. ఆ మాటంటే ఆర్డరు నడుచుకుంట ఇంటికొస్తది. అదే సమయంల పిల్ల రాసిన అక్షరాలు ఆయన వేలు కింద కనపడుతున్నయి. నేను లేదంటే, అది అబద్ధమయితది. ఆమె అబద్ధం రాసినట్టయితది. అబద్ధం రాసినందుకు కొలువు పోతదని అక్క అన్న మాట నా నోటితోనే నిజమయితది.

"జరిగింది సారూ" అన్న. "అరెస్టు గాలే. కాయిదం రాయలే, సంతకం తీసుకోలే, కేసు పెట్టలే. కూసోబెట్టిన్రు, అంతే. పొద్దుగాల లైబ్రరీకి పోయిన పిల్ల, సాయంత్రం దాక రేకుల షెడ్డు కింద కూసున్నది. నేను నా కండ్లతోని చూసిన. ఎందుకని అడిగితే ఎవ్వరు చెప్పలే. పులిహోర మాత్రం పెట్టిన్రు."

"మీరు చూసిన్రా?"

"నేను చూసిన, కింద సారు చూసిండు, వాళ్లావిడ చూసింది. జమానత్ ఉందామని పోయినం."

"జమానతా? అరెస్టే కాకుంటే జమానత్ ఎట్ల ఉంటరమ్మా?"

"అప్పుడు మాకు తెల్వదు సారూ. ఇప్పుడు తెలుసు."

ఆయన నవ్వు ఆపుకుంట కిందికి దిగి సారును అడిగిండు. సారు మొత్తం చెప్పిండట, పింఛను బుక్కు తీస్కపోయింది సుత. అక్క, "నేను పట్టుచీర కట్టుకొని పొయ్యింటి, అది కూడా రాసుకోప్పా" అన్నదట. మల్ల మేడ మీదికొచ్చి ఆయన కూసొని రాసిండు. చాన సేపు రాయలే, మూడు నాలుగు లైన్లు. చదివి వినిపించిండు. ఇరుగుపొరుగును విచారించినట్టు, నడత మంచిదని, కేసులేమి లేవని. నేను చెప్పినదానికి సాక్షిగ నా సంతకం పెట్టుమన్నడు. పెట్టిన. చదువొచ్చు గానీ, సంతకం తప్ప నాకు పెన్నుతోని అంతగ పని పడదు. అలవాటు లేక ఒక అక్షరం గీత దాటి కిందికి పోయింది. ఆయన, "పర్వాలేదమ్మా" అన్నడు.

ఆర్డరు వచ్చేదాక మా అన్న దినాం ఫోన్ చేసి వచ్చిందా అని అడుగుడు, నేను రాలేదనుడు. ఒక దినం పిల్ల ఫోన్ల చూసుకుంట నిలబడ్డచోటనే కింద కూసున్నది. నాకు ప్రాణం పోయినంత పనయింది. "వచ్చింది అత్తా" అన్నది. జిల్లా ఆఫీసుల పోస్టింగ్. మా అన్నకు ఫోన్ కలిపిచ్చిన. పిల్ల, "నాయినా, ఏడువకు" అంటున్నది. కింద అక్క సేమ్యా పొయ్యి మీద పెట్టింది.

జాయిన్ అయ్యేందుకు పోయే ముందర బట్టలు సర్దుకుంట అడిగింది.

"అత్తా, ఎంక్వయిరీ ఆయన ఏం రాసుకున్నడు?"

"నడత మంచిది, కేసులు లేవు అని."

"ఆ దినం నన్ను ఉంచిన్రని రాసిండా?"

నేను యాది చేసుకున్న. ఆయన చదివిన ఒక్కొక్క మాట నా చెవులల్ల ఉన్నది.

"లేదు బిడ్డా. అది రాయలే."

ఆమె మడిచిన చీర సంచిల పెట్టింది. కోపం లేదు మొఖంల. ఆ దినం మెట్ల మీద పల్లీ పొట్టు తీసుకుంట ఆమె అడిగింది నాకు అప్పుడు అర్థమయింది.

"మరి నా ఫారం తప్ప, ఆ దినం ఇంక ఏ కాయిదంల ఉన్నది అత్తా?" అన్నది. "నువ్వన్న రాసి పెట్టు."

అందుకే రాసిన.